సాయంత్రం చూసిన తొవ్వ

ఈ పొద్దున కూడా చాకలి యాదయ్యతో తగవు పెట్టుకుందామనే కూర్చున్నాను. నూలు చీరలకు గంజి పలుచగా పెట్టమని ఎన్నిసార్లు చెప్పినా వినడు, అట్టముక్కల్లాంటి చీరలు తెచ్చి అరుగు మీద పెట్టిపోతాడు. తిట్టడానికి ఆధారం కావాలి కదా అని ఒక చీర మడత విప్పి దులిపాను. పుల్లటి గంజి వాసన గుప్పున ముఖానికి కొట్టింది. అంతే, నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. నా నోట్లో మాట ఆగడం ఎంత అరుదో తెలిసిన యాదయ్య కంగారుపడి "ఏమైందమ్మా, పాణం బాగలేదా?" అని అడిగాడు. ప్రాణం బాగానే ఉంది. అది మాత్రం గద్వాలలో నేతవాళ్ళ గల్లీలో పొద్దున పూట లేచే వాసన. ఆ వాసన వస్తే వెనకే రూతమ్మగారు కూడా వస్తారు.

రూతమ్మగారు నా మొదటి ఉద్యోగంలో పెద్ద పంతులమ్మ. నాగర్‌కర్నూల్ పక్క పల్లెలో, తరతరాలుగా కూలికి పోయే క్రైస్తవ కుటుంబంలో పుట్టి, మిషను బడి దొరసానుల దగ్గర చదువుకొని, గద్వాలలో ఆడపిల్లల బడికి పెద్దయ్యారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. తెల్లచీర, నల్లగొడుగు, ఎడమ మోకాలి నొప్పి - ఈ మూడూ లేకుండా ఆమెను నేను చూడలేదు. ఆమె మాట ఎప్పుడూ తప్పు కాదని ఊళ్ళో పేరు. ఆ పేరు ఆమెకు తెలుసు, కొంచెం ఇష్టం కూడా. నేనేమో హైదరాబాదులో కాలేజీ చదువు ముగించి, మాటకు మాట అప్పజెప్పడమే తెలివి అనుకుంటున్న వయసులో ఆమె చేతికి చిక్కాను. మొదటి వారంలోనే "సుభద్రా, నీతోని మాట్లాడుడంటే జొన్నచేన్ల పిట్టల గొట్టినట్టే, గిటు గొడితె గటు లేస్తవు" అన్నారు. నేను దాన్ని మెచ్చుకోలు కిందే తీసుకున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. మా అన్న గద్వాల స్టేషన్‌లో గుమాస్తా. వనపర్తిలో ఉన్న నాన్న నన్ను ఉద్యోగానికి పంపిందే అన్న కళ్ళెదుట ఉంటానన్న నమ్మకంతో. కానీ స్టేషన్ ఊరికి దూరం. బడేమో ఊరి నడిబొడ్డున, కోట దగ్గర బజారును ఆనుకొని ఉంది. మధ్యలో జట్కాలే దిక్కు. జట్కావాళ్ళు రైలు దిగిన జనం నిండితే తప్ప కదలరు, ఆ రోజుల్లో రైలు ఎప్పుడొచ్చేదీ రైలుకే తెలియదు. నేను బడికి చేరేసరికి పిల్లలు ప్రార్థన ముగించి, లెక్కలు కూడా సగం ముగించి ఉండేవాళ్ళు. ఒకరోజు రూతమ్మగారు గుమ్మంలోనే ఆపారు.

"రైలొచ్చినప్పుడే బడి పెట్టాలెనా ఏంది?"

"జట్కా కదలకపోతే నన్నేం జేయమంటరు? గుర్రానికి బదులు నేను గుంజాల్నా?"

"ఎందుకు గుంజుతవ్, తొక్కు" అని, బడి వెనక కొట్టంలో గోనె కప్పి ఉన్న సైకిల్ చూపించారు. ఎప్పుడో ఊరు విడిచిపోతూ ఒక దొరసాని ఆమెకిచ్చిన ఆడవాళ్ళ సైకిల్ అది. మోకాలు మొరాయించేదాకా ఆమే తొక్కారట. సాయంత్రాలు బడి ఆవరణలో పిల్లలంతా వెళ్ళిపోయాక నాకు నేర్పారు. నేర్పడమంటే వెనక పట్టుకొని పరుగెత్తడం కాదు. కుర్చీలో కూర్చొని, గొడుగు కొనతో "కుడి, ఎడమ, ఆపు" అని ఆజ్ఞలివ్వడం. పడితే "లే" అనేవారు.

అన్న ఒప్పుకున్నాడు గానీ, షరతు పెట్టాడు. "చూడు సుభద్రా, నువ్వు బజార్ల పడ్డవని ఒక్కసారి నా చెవిన పడితే, ఆ మర్నాటి బండికే వనపర్తి పోతవు. నాయిన నన్నడుగుతడు, నిన్ను గాదు." వనపర్తిలో నాన్న ఏ సంబంధం చూసి పెట్టుకున్నాడో ఇద్దరికీ తెలుసు. ఆ బండి ఎక్కితే మళ్ళీ బడి ముఖం చూడను. అంటే నా బతుకంతా ఆ రెండు చక్రాల మీద, అవి పోయే దారి మీద నిలబడి ఉంది.

దారి ఎంచడం దగ్గర మాకిద్దరికీ పెద్ద వాదమే జరిగింది. ఊరి మొదటికి వచ్చాక బడికి మూడు దారులున్నాయి. ఒకటి నేరుగా బజారు. రెండోది కోట కందకం వెంట చుట్టూ తిరిగే బాట. మూడోది నేతవాళ్ళ గల్లీ. నేను బజారే అన్నాను. పన్ను కట్టేవాళ్ళందరికీ దారి మీద హక్కుందనీ, ఆడమనిషి సందుల్లో దాక్కొని పోతే సైకిల్ నేర్చిన ఫలమేమిటనీ కాలేజీలో నేర్చిన వక్తృత్వమంతా ప్రదర్శించాను. రూతమ్మగారు చివరిదాకా విన్నారు.

"అయిందా? నేను నిన్ను దాక్కొని పొమ్మంటలేను. పడకుంట పొమ్మంటున్న. నడువు, సూసొద్దం."

ఆదివారం ఆమె ప్రార్థన ముగించుకొని వచ్చాక, సైకిల్ తోసుకుంటూ ఇద్దరం బయలుదేరాం. ముందు బజారు. వేరుశనగ బస్తాల బండ్లు, జట్కాలు, గాజుల మలారాల ముందు కూర్చున్న ఆడవాళ్ళు, అరటితొక్కల కోసం తిరిగే ఆవులు. కాడి కింద నిలబడ్డ ఒక ఎద్దు పక్కకు రాగానే ఆమె గంట మోగించమన్నారు. మోగించాను. ఎద్దు ఒక్క ఉదుటున తల విదిల్చింది, బండి వెనక్కి వంగింది, పైన బస్తా మీద కూర్చొని బీడీ ముట్టిస్తున్న బండివాడు దాదాపు కిందికి జారాడు. "ఏయ్, ఎవలమ్మా అది! నా ఎద్దుకు ఆట నేర్పుతున్నరా? తీస్కపోయి మీ ఇంట్ల గట్టేసుకోన్రి!" అని అరిచాడు. రూతమ్మగారు అతనికి దండం పెట్టి, నావైపు తిరిగి "గంట గొడితె మనిషి జరుగుతడు, ఎద్దు బెదురుతది. నీ హక్కు సంగతి ఎద్దుకు జెప్పొస్తవా?" అన్నారు. ఆ ఎద్దును తిట్టుకుంటూ కందకం బాట దాకా నడిచాను. అక్కడ తుమ్మముళ్ళు, వదులు రాళ్ళు. నరమానవుడు లేడు. "ఈడ పడితె లేపెటోడు గూడ లేడు" అని, సగం దూరం కూడా పోకుండానే వెనక్కి తిప్పారు.

నేతవాళ్ళ గల్లీకి వచ్చేసరికి పొద్దు వాలింది. నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. బాణంలా తిన్నని దారి. అరచేతిలా నున్నగా, అలికి ఊడ్చినట్టుంది. రాయి లేదు, పేడకడి లేదు, బండి చక్రాల గాడి ఒక్కటి లేదు. అరుగుల మీద ఆడవాళ్ళు నూలు కండెలు చుట్టుకుంటూ, ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు వింటూ కూర్చున్నారు. రూతమ్మగారు ఒక ముసలమ్మను అడిగారు: "అవ్వా, ఈ గల్లీల బండ్లు రావా?"

"రావు బిడ్డా. బండ్లెందుకొస్తయి ఈడికి?"

రూతమ్మగారు నావైపు చూసి గొడుగు నేలకు తాటించారు. "సూస్తివా? ఇంత సాపు తొవ్వ ఊళ్లెనే లేదు. రేపటి సంది ఇదే." ఎంత వెతికినా నాకు వంక దొరకలేదు. దొరకనందుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు కూడా.

ఇంత తెలివైన ఇద్దరు ఆడవాళ్ళం, ఆ గల్లీ ఎందుకంత నున్నగా ఉందో, బండ్లు ఎందుకు రావో అడగలేదు. సోమవారం పొద్దున నేను మలుపు తిరిగి గల్లీలోకి దిగగానే తెలిసింది. ఈ మొదటి నుంచి ఆ చివరిదాకా, నడుమెత్తున, దారి నడిమిట్ల పడుగు సాచి ఉంది. చీర నేయడానికి ముందు నిలువు దారాలన్నిటినీ వీధిలో బారుగా సాచి, గంజి పట్టించి, ఇరువైపులా మనుషులు నిలబడి పొడవాటి కుంచెలతో దువ్వుతారు. ఎండ ముదరకముందే ఆ పని కావాలి. దుమ్ము పడకూడదని గల్లీ అట్లా ఊడ్చుకుంటారు, పడుగు కోసమే బండ్లను రానివ్వరు. ఆదివారం సాయంత్రం పడుగు ఉండదు. మేం చూసింది ఆదివారం సాయంత్రమే.

బ్రేకు పట్టాను. గంజి నీళ్ళకు నానిన నేల మీద చక్రం జారింది. నేను ఒకవైపు, సైకిల్ ఒకవైపు పడ్డాం. సైకిల్ పడ్డ వైపు పడుగును లాగి కట్టిన తాడు ఉంది. అది సడలి, పడుగు ఒక పక్కకు వాలి, అంచు దారాలు పుటపుట తెగాయి. "పడుగూ! పడుగూ!" అని గల్లీ అంతా ఒక్కసారి అరిచింది. నా మోచేయి గీరుకుపోయి రక్తం కారుతోందని ఒక్కరూ చూడలేదు. ఆ పడుగు నర్సన్న అనే ఆయనది. ఆయన భార్య బాలమ్మ కుంచె చేతిలో పట్టుకొనే నా మీదికి వచ్చింది.

"కండ్లు నెత్తి మీద పెట్టుకొని వచ్చినవా? ఇంటిల్లిపాది కష్టం గంగల గలిపితివి గదనే!"

"వీధి మీ తాత గట్టిచ్చిండా? నడిమిట్ల తాళ్లు గడితే మనుషులు ఎట్ల పోవాలె?"

"మనుషులు నడిసి పోతరు. నువ్వు మనిషివో రైలువో నాకేం దెలుసు!"

గల్లీ అంతా నవ్వింది. నేను ఇంకా ఏమేమో అన్నాను, ఆమె అంతకు రెండింతలు అంది. ఇంతలో గల్లీ మొదట్లో ఒక జట్కా ఆగింది. స్టేషన్ జట్కా. అందులోని వాళ్ళంతా మెడలు చాచి చూశారు. ఇక అన్నకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

బడికి పోయి జరిగింది చెబితే రూతమ్మగారు నా మోచేతికి గుడ్డ కట్టి, పిల్లలను నాకప్పగించి, గొడుగు తీసుకొని వెళ్ళిపోయారు. మధ్యాహ్నం దాకా రాలేదు. ఏం జరిగిందో తర్వాత బాలమ్మే చెప్పింది. రూతమ్మగారు తిన్నగా నర్సన్న అరుగు మీదికి పోయి, గల్లీ అందరి ముందూ "తప్పు ఆ పిల్లది గాదు, నాది. పొద్దున పొయ్యే తొవ్వను నేను సాయంత్రం సూసి జెప్పిన. మిమ్మల్ని అడుగాల్సిన మాట అడుగలే" అన్నారట. తెగిన దారాలు వాళ్ళు ఒక్కొక్కటే ముడివేసుకుంటుంటే, ఆ నొప్పి మోకాలితోనే వంగి కుంచె అందిస్తూ నిలబడ్డారట.

సాయంత్రం నాతోపాటు జట్కా ఎక్కి స్టేషన్‌కు వచ్చారు. అన్న గుమ్మంలోనే ఉన్నాడు. నా పెట్టె అప్పటికే బయటికి తీసి పెట్టాడు.

"నేను ముందే చెప్పిన గదమ్మా" అన్నాడు అన్న, నన్ను చూడకుండా ఆమెతో. "షరతు షరతే."

"నీ షరతు ఈమెకు. తొవ్వ జెప్పింది నేను. మల్ల నన్ను గూడ వనపర్తికి తోలుతవా?"

అన్నకు నవ్వు వచ్చింది గానీ ఆపుకున్నాడు. ఆమె గొంతు తగ్గించారు. "నాయినా, నేను తప్పు జెప్పిన. ఊరంతటికి జెప్పొచ్చిన, నీకు గూడ జెప్తున్న. రేపు పొద్దుగాల నువ్వు మాతోని రా. పడుగు సాచినంక సూడు. నువ్వొద్దంటే నేను మాట్లాడ."

నేను అక్కడే నిలబడి విన్నాను. అప్పటిదాకా నేను చూసిన పెద్దలెవరూ, మా నాన్నతో సహా, తమ కిందివాళ్ళ ముందు తప్పు నాది అనగా వినలేదు. ఆ రాత్రి పెట్టె బయటే ఉంది, కానీ అన్న తాళం వేయలేదు.

మర్నాడు ముగ్గురం గల్లీ మొదట్లో నిలబడ్డాం. పడుగు సాచి ఉంది. నర్సన్న వచ్చి తమ కట్టడి చెప్పాడు. పొద్దున ఇక్కడ దిగాలి. గోడ వారగా, సైకిల్‌ను పడుగు వైపు కాక గోడ వైపు ఉంచుకొని నడవాలి, ఎందుకంటే గొలుసు నూనె మరక దారానికి అంటితే ఇక పోదు. గంట కొట్టవద్దు, దువ్వేవాళ్ళ చేయి తప్పుతుంది. సాయంత్రం ఎట్లా పోయినా సరే.

"నడిసేదానికి సైకిల్ ఎందుకంట?" అన్నాను నేను. ఊరుకోలేకపోయాను.

"సుభద్రా, సైకిల్‌కు రెండు బ్రేకులున్నయి, నీ నోటికి ఒక్కటన్న పెట్టిచ్చుకో" అన్నారు రూతమ్మగారు. బాలమ్మ పకపకా నవ్వి అన్న వైపు తిరిగింది. "పోనియ్యి అన్నా. నిన్న నేను తిట్టిన తిట్లకు ఇంకొకతైతే ఈ దిక్కే జూడది. ఇది మల్లొచ్చింది. దీన్ని మేం జూసుకుంటం, పడనియ్యం."

అన్న గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి నడిచి వచ్చాడు. అరుగుల మీద ఎందరున్నారో చూశాడు. "సరే, దిగి నడువు" అని మాత్రం అని డ్యూటీకి పోయాడు. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి పెట్టె లోపల ఉంది.

తర్వాత నేను గద్వాలలో ఉన్నన్నాళ్ళూ అదే దారి. బాలమ్మ కూతుళ్ళు బడిలో చేరారని రాస్తే కథ బాగుంటుంది. చేరలేదు. నేను ఎంత వాదించినా "మగ్గం నువ్వు నేస్తవా?" అని ఒక్క మాటతో బాలమ్మ నా నోరు మూయించేది. ఆ వాదంలో నేను ఓడిపోయానని ఇప్పటికీ ఒప్పుకోను.

గద్వాల విడిచే ముందు రూతమ్మగారిని ఒక మాట అడిగాను. ఆ రోజు గల్లీలో నేను కూడా నోరు పారేసుకున్నాను కదా, అంతా మీ మీదే ఎందుకు వేసుకున్నారు అని. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "అంతెక్కడ ఏసుకున్న? తొవ్వ తప్పు నాది, నా వంతు నేను తీసుకున్న. నోటి తప్పు నీది. దాన్ని నేనెందుకు ముట్టుకుంట?" అన్నారు.

ఇప్పుడు నేనూ ఒక బడికి పెద్దను. టీచర్లతో, తల్లిదండ్రులతో, ఇనస్పెక్టర్లతో వాదించని రోజు లేదు. ఎవరితోనైనా తగవు వచ్చినప్పుడు, మొదట అందులో నా వంతు ఎంతో చూసుకుంటాను. అది నలుగురి ముందే ఒప్పేసుకుంటాను. ఎదుటివాళ్ళు అక్కడితో గెలిచామనుకొని లేవబోతారు. కూర్చోమంటాను. మిగిలింది వాళ్ళ వంతు కదా, దాని సంగతి అప్పుడు మొదలుపెడతాను.