ఉత్త జాడీ ఇయ్యరాదు

ఆగయ్య భార్య సుందరమ్మ ఇంట్లో సారా బట్టీ పెట్టిందని పోయిన నవంబరులో ఛత్రినాకలోని మా గల్లీలో ఒక మాట పుట్టింది. పొద్దున్నే వాళ్ళ వంటింటి కిటికీలోంచి ఆవిరి వచ్చేది, దాని వెనకాలే ఏదో ఘాటు వాసన. పాలు పోసే బీరయ్య ఆ మాటను పాలతోపాటు ఇంటింటికీ పోశాడు. గౌలిపుర చేరేసరికి ఒక బట్టీ రెండయింది.

మా మెట్ల మీద కూర్చుంటే సుందరమ్మ వాకిలంతా కనిపిస్తుంది. నేను అక్కడే కూర్చుని బియ్యం ఏరుతుంటాను కాబట్టి అసలు సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. నన్నెవరూ అడగలేదు. అడగకుండా చెప్పే అలవాటు నాకు లేదు.

సుందరమ్మ ఏటా క్రిస్మస్‌కు ద్రాక్షపండ్లు పులియబెట్టి వైన్ చేస్తుంది. అందుకు వాళ్ళమ్మ ఇచ్చిన పింగాణీ జాడీ ఒకటుంది. దానికి సబ్బు తగలనివ్వదు. మరిగే నీళ్ళు ఒక్కసారిగా పోస్తే పగులుతుందని గోరువెచ్చని నీళ్ళతో మొదలుపెట్టి మెల్లగా వేడి పెంచుతుంది. కడిగాక ఎండలో బోర్లిస్తుంది. మూతికి కట్టే గుడ్డను, ద్రాక్ష చిదిమే పప్పుగుత్తిని కూడా ఉడకబెడుతుంది. ఆ గుత్తితో పప్పు మెదపబోయి ఆగయ్య ఒకసారి మాటలు పడ్డాడు.

బోనాలప్పుడు బీరయ్య భార్య సత్తెమ్మ చుట్టాలకు సల్ల, అదే మజ్జిగ, కలపడానికి ఆ జాడీ అడిగి తీసుకుపోయింది. సల్ల తప్ప ఇంకేమీ పోయనని మాటిచ్చింది. మాట నిలబెట్టుకుంది కూడా. నవంబరులో తిరిగి తెచ్చినప్పుడు మాత్రం జాడీ నిండా మామిడికాయ తొక్కు ఉంది.

"ఇదేంది సత్తెమ్మా?" సుందరమ్మ మూత తీసి చూసింది.

"గింత మంచి జాడీ ఉత్తగ ఎట్లిస్త అక్కా? ఉత్త గిన్నె ఇయ్యరాదు గదా. ఎల్లిగడ్డ మస్తు ఏసిన."

మర్యాదగా తెచ్చిన తొక్కును వద్దనడం బాగుండదు. సుందరమ్మ నవ్వుతూ తీసుకుంది. సత్తెమ్మ గల్లీ మలుపు తిరిగేదాకా ఆ నవ్వు అలాగే పట్టుకుని నిలబడింది.

తొక్కును స్టీలు డబ్బాలోకి తీసినా జాడీలో నూనె జిడ్డు, వెల్లుల్లి వాసన మిగిలాయి. ఆ వాసన పోకపోతే ఈ ఏడు వైన్ లేదు. ఈ ఏడే కొత్త అల్లుడు వెస్లీ ఇంటివాళ్ళు పండక్కి వస్తున్నారు. మా అమ్మ చేసే వైన్ ఎక్కడా దొరకదని కూతురు సుజన అత్తగారింట్లో గొప్పగా చెప్పి పెట్టింది.

జిడ్డుకు శెనగపిండి రుద్దింది. పొద్దున్నే నీళ్ళు మరిగించి, బట్టల సోడా కలిపి పోసింది. నిమ్మచెక్కలతో తోమింది. ఎండలో పెట్టింది. మళ్ళీ మొదటికొచ్చి శెనగపిండి రుద్దింది.

బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన ఆగయ్య పక్కనే కుర్చీ వేసుకుని సలహాలిచ్చాడు. "డిపోల గ్రీజుకు మేం డీజిల్ కొడ్తుంటిమి."

"కొట్టు. నీ వియ్యంకునికి డీజిల్ పోద్దాం."

"ఊకె చెప్పిన."

వాసన చూడమని నన్ను పిలిచింది. చూశాను. ఉందని చెప్పడానికి నోరు రాలేదు, లేదని అబద్ధమూ రాలేదు.

"పో బిడ్డా, నీ మొఖమే చెప్తుంది," అంది.

కొన్నాళ్ళకు వాసన పోయిందో లేదో తేల్చేవాళ్ళే కరువయ్యారు. పూటపూటా తొక్కన్నమే తింటుండటంతో ఆ ఇంట్లో ముక్కులన్నీ తొక్కుతోనే నిండిపోయాయి. నాకూ ఒక గిన్నె పంపింది కాబట్టి నా ముక్కూ పనికిరాలేదు.

అప్పుడొచ్చాడు బీరయ్య. పాలు పోసి కూడా కదలకుండా వంటింటి వైపు మెడ సాచాడు.

"అక్కా, గల్లీల లొల్లి అయితుంది. బట్టీ పెట్టినవట."

"ఎవరన్నరు?"

"అందరంటున్రు." ఆ అందరికీ చెప్పిందెవరో అతను చెప్పలేదు.

సుందరమ్మ లోపలికెళ్ళి జాడీ తెచ్చి అతని ముందు పెట్టింది. "నువ్వే సూడు తమ్మీ. ముక్కు లోపట పెట్టి సక్కగ సూడు."

బీరయ్య వంగి గట్టిగా పీల్చాడు. జాడీని తిప్పి ఇంకో వైపు నుంచి పీల్చాడు. మొహం వాడిపోయింది.

"ఏం వాసన లేదక్కా."

"సారా?"

"లేదు."

"ఎల్లిగడ్డ?"

"ఎల్లిగడ్డ ఎందుకుంటది? ఉత్త జాడీ గదా."

"ఇంకోసారి సూడు తమ్మీ, నీకు పుణ్యముంటది."

"లేదంటున్న గదా అక్కా."

సుందరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వెంటనే ఆగయ్య చేతికి సంచి ఇచ్చి నల్ల ద్రాక్ష కోసం మాదన్నపేట మార్కెట్‌కు తోలింది. తాను ఏం తప్పు మాట్లాడాడో తెలియక బీరయ్య జాడీ మూత పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

క్రిస్మస్ నాడు సుజన అత్తగారు రెండోసారి గ్లాసు చాచింది. సత్తెమ్మ ఇంటికీ ఒక సీసా వెళ్ళింది. ఆ సీసా తిరిగి ఇవ్వొద్దని సుందరమ్మ మరీ మరీ చెప్పి పంపింది.

బట్టీ మాట మాత్రం ఇంకా పోలేదు. సుందరమ్మ ఉత్త జాడీ చూపించి బీరయ్యను నమ్మించిందని ఇప్పుడు గౌలిపురలో అంటున్నారట.

ఆవిరి వచ్చిన ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఒక్క ద్రాక్షపండు కూడా లేదు. ఘాటు వాసన బీరయ్య ఇంటి తొక్కుది.