బ్రేకులకి కొబ్బరినూనె రాసిన ఆదివారం

నేను ఆరో తరగతి చదివేటప్పుడు... మా అమ్మ నెల రోజులపాటు నాన్న బండి ఎక్కలేదు.

కాలవగట్టు మీద గేదె అడ్డం వస్తే నాన్న బ్రేకు నొక్కాడు... బండి ఆగలేదు. పక్కకి తిప్పేసరికి అమ్మ కింద పడింది. మోచెయ్యి చీరుకుపోయింది. కుట్టిన జాకెట్ల సంచీ కాలవలో మునిగింది. ఇంటికొచ్చాక అమ్మ ఒక్కటే అంది... "బ్రేకులు బాగయ్యేదాకా నన్ను ఎక్కమనకండి."

ఆ మర్నాటి నుంచి సంచీ భుజాన వేసుకుని ముక్తేశ్వరం సెంటరు దాకా నడిచి, అక్కడ ఆటో ఎక్కి అమలాపురంలో జాకెట్లిచ్చే కొట్టుకి వెళ్ళేది. కొబ్బరికాయల దింపులకి వెళ్తూ నాన్న ఆమె పక్కన బండి నెమ్మది చేసేవాడు... అమ్మ తల తిప్పేది కాదు.

ఆ బండి మావయ్య మస్కట్ వెళ్తూ మాకిచ్చింది. వయసులో నాకంటే పెద్దది. నాన్న చిన్నప్పటి స్నేహితుడు సత్తిబాబు బాబాయ్ మెకానిక్. ఆయన చూసి పెదవి విరిచాడు.

"ఒట్టి బ్రేకు షూలు మారిస్తే సరిపోదురా. డ్రమ్ములే అరిగిపోయేయి, రిమ్ముల్ని తుప్పు తినేసింది. చక్రాలు రెండూ మార్చేద్దాం."

అమలాపురం పాత సామాన్ల కొట్టులో అదే రకం బండి చక్రాలు రెండు దొరికాయి. షూలు మాత్రం కొత్తవి కొన్నారు. ఆదివారం పొద్దున్నే ఇంజను కింద కొబ్బరి దుంగ పెట్టి బండిని లేపారు. ఇరుసు, పానా, ఉప్పు కాగితం... ఆ రోజు విన్న మాటలన్నీ నోట్సు వెనక పేజీలో రాసుకున్నాను. రాపిడి కాగితానికి ఉప్పు పేరు ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు!

మధ్యాహ్నానికి వెనక చక్రం అయిపోయింది. పాత ముందు చక్రాన్ని విప్పేసి, దాని బదులు తెచ్చిన చక్రాన్ని కొత్త షూలతో గోనెసంచి మీద పెట్టి ఇద్దరూ భోజనానికి లేచారు.

నేను చక్రం దగ్గరే కూర్చున్నాను. మధ్యలో గిన్నెలాంటి డ్రమ్ము... దాని లోపల ఒరుసుకుని బండిని ఆపే నెలవంకల్లాంటి రెండు షూలు. ఎంత ముద్దుగా ఉన్నాయో! వీటికీ తుప్పు పడితే అమ్మ మళ్ళీ నడవాలి కదా అనిపించింది.

మా నాయనమ్మ నాన్న కత్తికి రోజూ కొబ్బరినూనె రాసేది. "ఇనుముకి నూనె తగిలితే తుప్పు దరికి రాదే" అనేది. నేనూ వంటింట్లోంచి నూనె గిన్నె తెచ్చాను. డ్రమ్ముకి రాశాను... షూలకి రెండుసార్లు రాశాను... నాయనమ్మలాగే పాత గుడ్డతో నిగనిగలాడేలా తుడిచి, గిన్నె ఎక్కడిది అక్కడ పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. గొప్ప పని చేశానని నాకు లోలోపల ఒకటే గర్వం.

వాళ్ళు వచ్చి చకచకా బిగించేశారు. నాన్న బండి గేటు దాకా నడిపించి, "రావే... సెంటరు దాకా వెళ్ళొద్దాం" అని అమ్మని పిలిచాడు. అమ్మ కాసేపు చూసి, కొంగు దోపుకుని బయటికి వచ్చింది.

ఇటు బాబాయ్ చేతుల మసి చూసి నాయనమ్మ నూనె గిన్నె అందించింది.

"ఆయ్, ఇప్పుడు రాసుకుంటానండి పెద్దమ్మగారూ. బ్రేకు పనిలో ఉన్నంతసేపూ నూనె ముట్టనండి. షూకి చుక్క తగిలిందంటే బండి ఆగదండి."

దెబ్బలు తినాల్సి వస్తుందని తెలుసు. గేటు దగ్గర అమ్మ ఒక కాలు ఫుట్‌రెస్ట్ మీద పెట్టేసింది.

"అమ్మా... ఎక్కొద్దు! నేను నూనె రాసేశాను!"

పరుగెత్తి హ్యాండిల్ పట్టుకుని మొత్తం చెప్పేశాను. నాన్న ఇంజను ఆపాడు. అప్పుడు నాయనమ్మ వచ్చి నా ముందు నిలబడింది. "దాన్ననకురా... ఇనుముకి నూనె మంచిదని నేనే చెప్పేను."

బాబాయ్ పకపకా నవ్వాడు. "కోనసీమ పిల్లవనిపించుకున్నావే! తలకీ నూనే, కత్తికీ నూనే, ఆఖరికి బ్రేకుకీ నూనే!"

నాన్న నవ్వలేదు. కొట్టనూ లేదు. "మళ్ళీ విప్పుదాం రారా" అని బాబాయితో అని, నా వైపు తిరిగాడు. "ఎక్కడెక్కడ రాసేవో చూపించమ్మా."

చూపించాను. షూలు నూనె తాగేశాయి, ఇక పనికిరావన్నాడు బాబాయ్. సెంటరుకి వెళ్ళి వేరేవి పట్టుకొచ్చాడు. నాన్న డ్రమ్ముని పెట్రోలుతో కడిగి, ఉప్పు కాగితం నా చేతికిచ్చాడు. వేళ్ళు మండేదాకా రుద్దాను.

సాయంత్రం నాన్న ఒక్కడే గట్టు మీద మూడుసార్లు తిరిగి, మూడుసార్లూ బ్రేకు వేసి చూశాడు. బండి ఆగింది. అయినా అమ్మ గేటు దగ్గరే నిలబడింది. నాన్ననీ అడగలేదు, బాబాయినీ అడగలేదు. నా ముందు వంగింది.

"ఇంకెక్కడా రాయలేదు కదా?"

"లేదమ్మా."

"ఒట్టు?"

"ఒట్టు."

వెళ్ళి బండెక్కి కూర్చుంది. నాన్న భుజం మీద చెయ్యి వేసింది.

దెబ్బలు పడాల్సిన పిల్ల మాట నమ్మి మా అమ్మ బండెక్కింది... ఇప్పుడు డిగ్రీలో తెలుగు చదువుకుంటున్నాను, ఏది రాసినా ముందు ఆ ఒట్టే గుర్తొస్తుంది. ఆ రోజు విప్పిన బండిని విసుక్కోకుండా మళ్ళీ విప్పిన ఆ ఇద్దరికీ, నాకు అడ్డంగా నిలబడ్డ నాయనమ్మకీ ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలవు.

ఇప్పుడు బండి షోరూముకి ఇస్తే మనం అద్దం ఇవతలే కూర్చోవాలి. లోపల ఏం విప్పారో, ఏం బిగించారో తెలియదు... పాడుచేసే అవకాశం కూడా పిల్లలకి లేదు పాపం!

మీరూ ఇలా సాయం చేయబోయి ఇంట్లో ఏం పాడుచేశారు? కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే కాస్త ధైర్యంగా ఉంటుంది.

ఆ పాత బండికే ముందు చక్రం బ్రేకు షూలు మళ్ళీ అరిగాయి. ఈసారి చక్రం నన్నే విప్పమన్నాడు నాన్న. రేపు పొద్దున్న ఆరింటికి మొదలుపెడతాను... అమ్మకి తొమ్మిదింటికి అమలాపురంలో పని ఉంది.