మూడో రకం

మొన్న ఆదోని మార్కెట్ యార్డు దగ్గర నా ఆటోను రాసుకుంటూ పత్తి లారీ ఒకటి పోయింది. గాలికి ఎగిరొచ్చిన దూది నా జడలో చిక్కుకుంది. తీసి పారేయబోయి, అలవాటు కొద్దీ రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని లాగి చూశాను. ఆ లాగడం మా అత్త నేర్పిన విద్య. మామకు పత్తి మండీ ఉన్న రోజుల్లో, ఆయన రుమాలులో ముడేసుకొచ్చిన దూదిని ఆమె వంటింటి గడప మీద కూర్చుని లాగి, పింజ పోగుల పొడవూ తెలుపూ చూసి ఏ రకమో తేల్చేది. మూడో రకమంటే ఎంత చులకనో! కాపురానికొచ్చిన కొత్తలో నేను కాచిన చారు చాలాకాలం మూడో రకంలోనే ఉండిపోయింది.

అలాంటి అత్తకు పోయిన ఏడాది రొమ్ములో గడ్డ తగిలింది. కర్నూలులో సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. మా నాన్న ఇంట్లోనే దిద్దించిన అక్షరాలు నావి. ఆ రిపోర్టులో నాకు అర్థమైంది అంకె ఒక్కటే. మా ఆయన చదివి, క్యాన్సరేననీ గ్రేడ్ మూడనీ మెల్లగా చెప్పాడు. అత్త మాత్రం నవ్వింది.

"మూడో రకమా? అయితే నాసిరకం గడ్డే! అది నన్నేం జేస్తాదిరా? శ్రావణంలో ఉరుకుంద ఈరన్న జాతరకు పోయొచ్చినాంక ఈ గడ్డ కోపిచ్చుకుంటాలే."

శ్రావణానికి ఇంకా రెండు నెలలుంది. పత్తిలో ఆమె మాట ఎప్పుడూ తప్పలేదు కనుక మేమూ నమ్మాం. నేనైతే ఈరన్నస్వామి పటం ముందు దీపం పెట్టి దండం పెట్టుకున్నాను. రిపోర్టు చూపించడానికి కర్నూలు పోతుంటే బస్సులో గోనెగండ్ల దాటేదాకా ఆమె హాస్యాలాడుతూనే ఉంది.

కర్నూలు డాక్టరమ్మ ఆ లెక్క విని నవ్వలేదు. "అమ్మా, ఇది పత్తి కాదు. ముక్కను మైక్రోస్కోపులో చూస్తారు. కణాలు రొమ్ములో మామూలు కణాల పోలికలోనే ఉండి, నిదానంగా పెరుగుతుంటే ఒకటి. పోలిక కొంత చెడితే రెండు. పోలికే లేకుండా గబగబా పెరుగుతుంటే మూడు. మీది మెత్తటిది కాదు, జోరు మీదున్నది."

ఇన్నాళ్లూ దేనికి దీపం పెట్టాను? "అయితే ఇంక అయిపోయినట్టేనా తల్లీ?" అన్నాను.

"లేదమ్మా. ఎంత దూరం పాకిందో చెప్పేది స్టేజ్, అది వేరు. ఇంకా పాకినట్టు కనబడలేదు. కానీ శ్రావణం దాకా ఆగొద్దు."

తిరుగు బస్సులో ఎమ్మిగనూరు వచ్చేదాకా అత్త ఒళ్లో తన బొటనవేళ్లను తానే చూసుకుంటూ ఉంది. బస్టాండులో బస్సు ఆగినాక నా చెయ్యి పట్టుకుంది. "ఈరన్నకు నాయట్లాంటోళ్లు లచ్చమంది ఉండారు. నాకు నేను ఒగదాన్నే గదమ్మీ. కోపిచ్చుకునేదానికి రేపే పోదాం."

మొన్నటి దూదిని కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చాను. మందులకు రాలిపోయి మళ్లీ పొట్టిగా మొలిచిన జుట్టు నిమురుకుని అత్త ఆ దూదిని లాగి చూసింది.

"రెండో రకం. యాడ దొరికిందే ఇది?"

యార్డు దగ్గర గాలికి ఎగిరొచ్చిందని చెప్పి, దేవుడి గూటి వైపు తిరిగి దండం పెట్టుకున్నాను. శ్రావణం ఏటా వస్తుంది. పోయిన ఏడాది ఉరుకుంద పోకుండా ఆ ఒక్క శ్రావణాన్ని వదులుకున్నందుకే, ఈ ఏటి శ్రావణానికి మా ఇంట్లో అత్త ఉంది.