లాభం, రెండు, మూడు

ముందే ఒప్పేసుకుంటాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఇంట్లోకి పిల్లి దూరితే, ఆ సంగతి నేను వీధి చివరికి వెళ్ళి చెప్పేసరికి అది చిరుతపులి పిల్ల అయి ఉంటుంది. కాబట్టి ఇందులో వచ్చే కొలతల్నీ బరువుల్నీ మీకు తోచినంత తగ్గించుకుని చదువుకోండి. నేనేమీ అనుకోను.

దయ్యాల సంగతి మాత్రం వేరు. వాటిని నేను ఏనాడూ నమ్మలేదు. ఆ కథలన్నీ నాలాంటి వాళ్ళే చెబుతారని నాకు తెలుసు.

ఇది రెండు వేల పదకొండులో, కువైట్‌లో జరిగింది. అప్పుడు నేను మహబూలాలో ఒక ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి. ఒకే గదిలో ఆరుగురం. ఒకడు ఒత్తిగిల్లాలంటే మిగతా ఐదుగురి సంతకాలు కావాలి. ఒక కంపెనీ గోదాములో నేను స్టోర్ కీపర్ని. పైపులు, నట్లు లెక్కపెట్టే పని. అంటే నాకు లెక్క తప్పదు. ఇది గుర్తుపెట్టుకోండి.

మా నాన్న అక్క చెంగమ్మత్త కూడా కువైట్‌లోనే ఉండేది. ముబారక్ అల్ కబీర్‌లో ఒక పెద్ద ఇంట్లో ఇరవై ఏళ్ళుగా పని. ఆ ఇంట్లో పుట్టిన పిల్లలకు అరబ్బీ కంటే ముందు రాజంపేట తెలుగు వచ్చిందని నేను అందరికీ చెబుతుంటాను. శుక్రవారాలు సెలవిస్తే మాలియాకు వచ్చేది. కువైట్‌లో మనవాళ్ళంతా కలుసుకునే చోటు అది. అక్కడ గోడ పక్కన కూర్చుని ఇద్దరం టీ తాగేవాళ్ళం.

ఒక శుక్రవారం ఆమె టీ గ్లాసు పక్కన పెట్టి అంది.

"అబ్బీ, నా పని ఖలాస్. ఈ ఎండలు పోయినాక ఇంటికి పోతాండా. ఆలోపల నాకొక పని చేసిపెట్టల్ల. మా అన్న పేరు కనుక్కో."

"పేరు తెలీని అన్న ఏందత్తా?"

"అన్నను అన్నా అనే పిలుస్తాం గదరా. పేరు పెట్టి పిలిచేదానికి నేనేమన్నా వాని పెద్దమ్మనా?"

ఈ అన్న సంగతి నాకు కొత్త కాదు. మా నాన్న బతికినన్నాళ్ళూ "మీ అత్తకు కలలెక్కువ" అని కొట్టిపారేసేవాడు. ఆయనకు ఊహ తెలిసేసరికి ఇంట్లో అన్న అనేవాడు లేడు. అత్తకు మాత్రం ఒక్క రోజు గుర్తుంది. అన్న ఆమెను భుజాల మీద ఎక్కించుకుని నందలూరు స్టేషన్‌కు తీసుకుపోయాడు. ఉడకబెట్టిన శనక్కాయలు ఒడిలో పోసి, స్తంభం పట్టుకుని నిలబడమన్నాడు. రైలొచ్చింది, పోయింది. అన్న కూడా పోయాడు. ఆ తర్వాత మా అవ్వ నోట ఆ పేరు ఎవరూ వినలేదు. వేరే వాళ్ళను కూడా అననివ్వలేదు.

ఇప్పుడు అత్త బాధ ఏమిటంటే, ఇంటికి పోయాక పెద్దల అమావాస్యకు పోయినవాళ్ళందరితో పాటు అన్నకూ విస్తరి వేయాలి. విస్తరి ముందు పేరు పెట్టి పిలవాలి.

"పేరు లేకుండా రమ్మంటే దావన పోయే ప్రతోడూ వచ్చి తినిపోతాడు. మా అన్న మాత్రం ఆకలితో నిలబడి చూస్తాంటాడు," అంది. నేను నవ్వబోయాను. ఆమె ముఖం చూసి ఆగాను.

రాజంపేటలో మా మేనమామ కొడుకు బడిపంతులు. పాత కాగితాలంటే వాడికి పిచ్చి. వాడికి ఫోన్ చేస్తే ఒక దారి చెప్పాడు. యాభై ఒకటి జనాభా లెక్కలప్పుడు ఊరూరికీ ఇంటింటి మనుషుల పేర్లు ఒక రిజిస్టరులోకి ఎక్కించారట. మా ఊరిది పాత కరణంగారి మనవడి ఇంట్లో, అటక మీద ఉందట. వాడు అటకెక్కి, ఏనుగంత దుమ్ము దులిపి, మా ఇంటి పేజీ ఫోటో తీసి మెయిల్‌లో పంపాడు. ఫహాహీల్‌లో ఒక నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించాను.

పేరు, యజమానికి ఏమవుతారు, ఆడా మగా, వయసు, పని. గడులన్నీ నిండి ఉన్నాయి. మా తాత వెంకటసుబ్బయ్య. మా అవ్వ లక్ష్మమ్మ. చెంగమ్మ, కూతురు, ఐదేళ్ళు. మా నాన్న, రెండేళ్ళు. అవ్వకూ అత్తకూ నడుమ ఇంకో వరుస ఉంది.

లాభం, కొడుకు, మగ, పదిహేడు, సేద్యం.

అన్న ఉన్నాడు. కల కాదు. మా నాన్న బతికుంటే ఆ కాగితం ఆయన చేతిలో పెట్టి ఉండేవాణ్ణి. కానీ లాభం ఏం పేరు?

నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. మా వైపు వడ్లు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా పోతుంది. ఆ లెక్కలు రాయడానికి వచ్చిన అయ్యవారు మద్రాసు పట్నంలో పుట్టి పెరిగినవాడు. కళ్ళద్దాలు సీసా అడుగంత మందం. వడ్లు కొలవడం జన్మలో చూసి ఉండడు. పిల్లలెంతమంది అని అడిగాడు. అవ్వ పెద్దవాడి మీద చెయ్యి వేసి లాభం అంది, కూతురి మీద వేసి రెండు అంది, చంకలో వాణ్ణి చూపి మూడు అంది. ఆయన మొదటిది పేరనుకుని రాసేసుకున్నాడు. లెక్క మిగిలింది, పేరు పోయింది.

తరువాతి శుక్రవారం ఇదంతా అభినయంతో సహా అత్తకు చెప్పాను. ఆమె నవ్వలేదు.

"విస్తరి ముందర కూర్చొని లాభమా, రాప్పా అని పిలిస్తే అంగడోళ్ళు వస్తార్రా," అంది. కాగితం మీద ఆ వరుసను వేలితో రెండుసార్లు తడిమి, మడిచి తన చేతిసంచిలో పెట్టుకుంది.

నాకు మాత్రం ఆ మాట నోటికి అంటుకుపోయింది. గోదాములో పైపులు లాభం నుంచి లెక్కపెడుతున్నాను. ఫ్లాట్‌లో చెప్పులు కూడా.

ఆ నెలలోనే కువైట్ వాళ్ళ జనాభా లెక్కలు వచ్చాయి. ఒక శుక్రవారం మధ్యాహ్నం మా బిల్డింగ్‌కు వచ్చారు. ఆ రోజు వంట ఏసురత్నానిది. గోదావరి జిల్లా మనిషి. అతను బిర్యానీ వండితే ఆరు కోళ్ళు పడాల్సిందే. నేను నేల మీద పేపర్లు పరిచి, పళ్ళేలు పెట్టమని అతనికి చెబుతూ మనుషులను వేలుపెట్టి లెక్కించాను. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. చూస్తే ఏడు పళ్ళేలున్నాయి.

"ఏడోది ఎవరికయ్యా?"

"లాభం అన్నారు కదండీ. ఎగస్ట్రా అనుకుని, అదో పళ్ళెం పక్కనెట్టి, ఆరుగురికి ఆరు పెట్టానండి," అన్నాడు ఏసురత్నం. అందరం నవ్వుకున్నాం. ఏడో పళ్ళెం తలుపు పక్కన ఉంది. తీసే లోపల బెల్లు మోగింది.

లెక్కలు రాసే కుర్రాడు, వెనకాల మా బిల్డింగ్ హారిస్. హారిస్ అంటే వాచ్‌మన్, ఈజిప్టు ముసలాయన. ఆరు బతాకాలు, అంటే మా గుర్తింపు కార్డులు, చేతికిచ్చాను. గడప దగ్గరే నిలబడి ఆ కుర్రాడు రాసుకున్నాడు. మేము లోపల బిర్యానీ చల్లారిపోతోందన్న దిగులులో ఉన్నాం. రాయడం అయ్యాక మొత్తం ఏడుగురు అన్నాడు.

ఆరుగురం అన్నాను. నాకు లెక్క తప్పదు.

హారిస్ కాగితం తీసుకుని పేర్లు చదవడం మొదలుపెట్టాడు. మా పేర్లు ఆయన నోట్లో పడి రొట్టె ముక్కల్లా నలిగి బయటికొస్తున్నాయి. ఆరు అయ్యాయి. ఏడోది "బెంశలయ్యా" అన్నాడు. ఆ పేరు పక్కన వయసు గడిలో రెండు అంకెలు నేనే చదువుకున్నాను. అరబ్బీ ఏడు ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా ఉంటుంది. రెండు ‘వి’లు పక్కపక్కన. డెబ్బై ఏడు.

ఎవరిదని అడిగాను. ఆ కుర్రాడు తలుపు పక్కనున్న పళ్ళెం వైపు పెన్ను చూపించాడు. అక్కడ కూర్చున్న పెద్దాయన తనకు బతాకా లేదన్నాడట. పేరూ వయసూ నోటితోనే చెప్పాడట. ఏ భాషలో చెప్పాడని అడగాలన్న తెలివి నాకు అప్పుడు రాలేదు.

ఆ కుర్రాడు మెడ చాచి లోపలికి చూశాడు. మమ్మల్ని లెక్కపెట్టాడు. పళ్ళెం చూశాడు. మళ్ళీ మమ్మల్ని చూశాడు. నేను ఆటపట్టిస్తున్నానని అనుకున్నాడేమో, విసురుగా ఆ వరుస కొట్టేసి, హారిస్‌తో "యల్లా, పద" అని పై అంతస్తుకు వెళ్ళిపోయాడు. నేను నేల మీది పేపరు అంచు చించి ఆ పేరూ అంకే రాసుకున్నాను. ఏసురత్నం ఏడో పళ్ళెం తీయలేదు. అందులోనూ బిర్యానీ వడ్డించాడు.

తరువాత నాకు చేతనైనంత ఆరా తీశాను. ఏడు పళ్ళేలు చూసి ఏడుగురనుకుని ఉండొచ్చు. కానీ పళ్ళేనికి పేరూ వయసూ ఉండవు. పాత అద్దెదారు ఎవరైనా అయ్యుండొచ్చని హారిస్ పుస్తకమంతా తిప్పించాను. అలాంటి పేరే లేదు. అయినా డెబ్బై ఏడేళ్ళ మనిషికి కూలి పని మీద ఇఖామా, అంటే అక్కడ ఉండే పర్మిట్టు, ఎవరిస్తారు?

మరుసటి శుక్రవారం ఆ పేపరు ముక్క అత్తకు చూపించాను. బెంశలయ్య అని చదివాను.

"ఈళ్ళకు ‘ప’ పలకదు కదరా," అంది అత్త. "పెప్సీని బెబ్సీ అంటారు. మా మామాకు, అదే నేను పనిచేసే ఇంటామెకు, చెంగమ్మ అనేది కూడా నోరు తిరగదు, శంగమ్మా అంటాది. ఆ పేరు..." అని ఆగిపోయింది. పెదాలు కదుపుతూ ఒకటికి రెండుసార్లు లోలోపల అనుకుంది. అప్పుడు పైకి అంది.

"పెంచలయ్య. పెంచలన్న."

పెంచలయ్య అంటే పెంచలకోన స్వామి పేరే, మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆ కోనకు మొక్కులకు పోతాయి. మా ఇంట్లో మాత్రం ఎవరూ పోలేదు. ఎవరైనా కోన పేరెత్తితే మా అవ్వ లేచి పెరట్లోకి పోయేది. ఎందుకని మేమెవరమూ అడగలేదు. అత్త అదంతా ఒక్కో ముక్కగా చెప్పింది. పెంచలయ్య అనే పేరు మా వైపు వీధికి నలుగురికి ఉంటుందని నాకూ తెలుసు. ఆ మాట అనబోయాను. అప్పటికే అత్త వేళ్ళు ముడుస్తూ లెక్కేస్తోంది.

"ఆ కాగితంలో పదిహేడు. అప్పటికిప్పటికి అరవై ఏండ్లు."

నేను కూడా లెక్కేశాను. పైపులు లెక్కపెట్టేవాణ్ణి, ఇంతవరకూ ఈ కూడిక చేయలేదు.

"అట్లయితే బతికే ఉండాడా?" అంది అత్త. "చచ్చిపోయినోళ్ళకు వయసు పెరగదు కదరా."

పేరు దొరికింది. పేరు దొరికిన రోజే విస్తరి వేసే దారి పోయింది. బతికున్నవాడికి పెద్దల విస్తరి ఎలా వేస్తారు? ఏడుస్తుందనుకున్నాను. టీ చల్లారింది, ఇంకోటి తెప్పించమంది.

ఎండలు తగ్గాక అత్త ఇంటికి వెళ్ళిపోయింది. ఆ ఏడాది పెద్దల అమావాస్య రోజున ఏం జరిగిందో మా మేనమామ కొడుకు ఫోన్‌లో చెప్పాడు. పోయినవాళ్ళ విస్తళ్ళు లోపల వేసి పేరుపేరునా పిలిచిందట. అందులో పెంచలయ్య లేడు. ఆ తరువాత బయట పంచలో ఇంట్లోవాళ్ళ వరుసకు ఆకులు తనే వేసిందట. మొదటి ఆకు వేస్తూ లాభం అంది. రెండో ఆకు నుంచి మనుషులను కూర్చోబెట్టింది. మొదటి ఆకులో అన్నిటితో పాటు ఉడకబెట్టిన శనక్కాయలు పెట్టి, "పెంచలన్నా, నిదానంగా రా" అందట. ఇప్పటికీ ఏటా అలాగే చేస్తోంది.

ఇక ఇందులో నేను కల్పించిందేమిటో చెప్పాలి. కోళ్ళు ఆరు కాదు, రెండు. అటక మీద దుమ్ము ఏనుగంత లేదు. ఒత్తిగిల్లడానికి సంతకాలు అక్కర్లేదు, ఒక తన్ను చాలు. ఇవి మీరు ముందే తగ్గించుకుని ఉంటారు.

మీరు తగ్గించుకోనిది ఒకటుంది. మద్రాసు అయ్యవారు. అలాంటి మనిషి లేడు. తరువాత ఊరికి పోయినప్పుడు చూశాను, ఆ రిజిస్టరు ప్రతి పేజీ అడుగునా మా ఊరి కరణంగారి సంతకమే ఉంది, ప్రతి వరుసా ఆయన రాతే. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేవాడు. మా కళ్ళంలో వడ్లు కొలిచిన ప్రతిసారీ పక్కన నిలబడి రాసుకున్నవాడు. లాభం అంటే ఏమిటో ఆయనకు తెలియకపోవడం అన్నది లేదు. మా పెదనాన్న పేరూ ఆయనకు తెలుసు.

తెలిసి కూడా ఆ గడిలో అదెందుకు రాశాడో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. ఏదో ఒక కారణం ఉండాలి కదా అని ఆ కళ్ళద్దాల మనిషిని నేనే పుట్టించాను. మిగతాదంతా జరిగిందే.