కాగితం మీద ఏపుగా పెరిగిన కానుగ మొక్కలు

నా సర్వీసులో నేను నిండా మునిగింది ఒక్కసారే. ముంచింది పైఅధికారి కాదు, పగవాడు కాదు, నా నోరే. మీరు నవ్వుకోండి, పరవాలేదు. నాకు మాత్రం ఆ గురువారం తలుచుకుంటే ఇప్పటికీ నోటికి తాళం వేసుకోవాలనిపిస్తుంది.

సమాచార హక్కు చట్టం వచ్చిన కొత్త. మాది ధర్మవరం. పెనుకొండలో ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేస్తున్నాను. వానలు మొహం చాటేస్తున్నాయి, బోర్లు ఎండుతున్నాయి, నీళ్లనీ చెట్లనీ కాపాడాలి అని అంతకు ముందే ఇంకో చట్టం వచ్చి ఉంది. దాని కింద సర్కారు భూముల్లో మొక్కలు నాటారు. అవి బతికాయో లేదో మేం పోయి చూసి రాయాలి. లేపాక్షి దగ్గర ఒక పల్లెలో నాలుగు వందల కానుగ మొక్కలు చూసొచ్చే పని నాకు పడింది.

హిందూపురం దాకా పోయాను. ఎండ చూస్తే, మనిషిని అప్పడంలా వేయించేలా ఉంది. బస్టాండు పక్క హోటల్లో కూర్చుని, కాఫీ తాగి, "స్వయంగా పరిశీలించాను, మొక్కలన్నీ ఏపుగా ఉన్నాయి" అని రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం మీరు చూడాల్సింది. నాకే నమ్మబుద్ధి అయింది!

ఏడాది తిరక్కుండా పోస్టులో ఒక దరఖాస్తు. "సర్వే నంబరు 214లో ఉన్నాయని మీరు రాసిన నాలుగు వందల మొక్కలు నాకు చూపించవలెను. ఇట్లు, ఖాసింబీ."

మా ఆఫీసరు సార్ పిలిచాడు. "మొక్కలు ఉండాయి కదా?"

"ఉండాయి సార్."

"నువ్వే చూసినావు కదా?"

"కళ్లారా సార్."

"అయితే గురువారం ఆ యమ్మను ఆడికే రమ్మని జాబు రాయి. నేనూ వస్తా. ఏమన్నా తేడా వస్తే నీ ఉద్యోగం సంగతి నాకు తెల్దు."

ఆ రోజు సోమవారం. మంగళవారం సెలవు పెట్టి, ధర్మవరం నర్సరీలో కాళ్లావేళ్లా పడితే నలభై మొక్కలు దొరికాయి. మిగతావి మేకలు తిన్నాయని చెప్పొచ్చు అనుకున్నా. బస్సు పైకెక్కించి, హిందూపురంలో ఆటో మాట్లాడి, 214 వెతుక్కుంటూ పోయి దిగాను.

ఎదురుగా పచ్చటి శెనక్కాయ చేను!

బ్యాగులోంచి పాత కాగితాలు తీసి చూశా. మొక్కలు నాటింది 241లో. నేను రాసింది 214. చేన్లో ఒకామె, మా అమ్మ ఈడుది, ఒక్కతే కలుపు తీస్తోంది.

"అమ్మా, 241 యాడ?"

"ఆ కనపడే రాళ్లగుట్ట. ఏమప్పా, ఆడ మొక్కలు చూడనీకి వచ్చినావా? అవి ఎండి ఎన్నాళ్లో అయిపాయ."

ఇక అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ఆగితే నేనెందుకవుతాను? "అమ్మా, నాకొక సాయం చెయ్యల్ల. ఈ మొక్కలు నీ చేన్లో రెండు దినాలు పెట్టుకుంటా. గురువారం సాయంత్రం పెరికేస్తా."

"ఎందుకప్పా?"

చెప్పేశాను. హోటలు, కాఫీ, సంతకం, తారుమారైన నంబరు, మేకల ఉపాయం, అన్నీ.

"అయితే చూడకుండానే రాసినావా?"

"అందరూ అట్లనే రాస్తారమ్మా."

"మరి మీ సారు?"

"ఆయన చదవకుండానే సంతకం పెడతాడు."

"ఆ అర్జీ పెట్టిందెవరు?"

"ఎవరో ఖాసింబీ అంట. పనీపాటా లేని మనిషి."

ఆమె చెంబుతో నీళ్లిచ్చింది. "మొక్కలు ఈడ పెట్టిపో నాయనా. గురువారానికి నేను చూసుకుంటా" అంది. దేవత అనుకున్నాను.

గురువారం సార్‌తో జీపెక్కాను. పెనుకొండ దాటాక ఆయన నా రిపోర్టు తీసి మొదటిసారి చదవడం మొదలుపెట్టాడు. "ఏపుగా అంటే ఎంత ఎత్తబ్బా?" అన్నాడు. నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

చేన్లో ఒక్క మొక్క లేదు. నలభై మొక్కలూ కవర్లతో సహా గట్టు మీద వరసగా నిలబడి ఉన్నాయి.

"దరఖాస్తు పెట్టిన యమ్మ వచ్చిందా?" అన్నాడు సార్.

కలుపు తీసే ఆమె లేచి, చేతులు కొంగుకి తుడుచుకుంది. "నేనే సార్, ఖాసింబీ."

నేను జీపు చాటుకి జరిగాను.

"నా చేను సర్కారు తోటని మీ కాగితంలో ఉండాదంట, పంచాయతీలో చెప్పినారు. రేపు ఎవరన్నా వచ్చి లేసిపొమ్మంటే నేను యాడికి పోవల్ల?" కాఫీ తాగుతూ నేను గీకిన అంకె ఒకరి భూమికి ఎసరు పెట్టేదని అప్పుడు తెలిసింది.

సార్ నా వైపు తిరిగి, "ఈ మనిషికి సరైన సమాచారం ఎందుకియ్యలా?" అని గట్టిగా అరిచాడు.

"అట్లనద్దు సార్," ఖాసింబీ అడ్డం వచ్చింది. "మీ చట్టంలో ముప్పై దినాలు గడువు ఉండాది. ఈయప్ప పావుగంటలో అంతా చెప్పినాడు. నేను అడగంది గూడా చెప్పినాడు."

"ఏం చెప్పినాడు?"

ఆమె నన్ను చూసింది. నేను కళ్లతోనే దణ్ణం పెట్టాను.

"మీరు చదవకుండానే సంతకం పెడతారని."

జీపు డ్రైవరు అటు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

జరిగిందంతా నా చేతే రాయించి ఆమెకిచ్చారు. రికార్డులో 214 కొట్టేశారు. నాకు ఇంక్రిమెంటు ఆగింది. నలభై మొక్కలూ రాళ్లగుట్ట మీద నేనే నాటాను, ఖాసింబీ గుంతల లోతు చూసి ఇంకా తవ్వమంటుంటే. ఆ రోజు నుంచి సార్ నా ప్రతి కాగితం అక్షరం అక్షరం చదివాడు. నా సెలవు చీటీ కూడా రెండుసార్లు చదివాడు.

అరచేతుల్లో బొబ్బలతో, సూర్యుడి సాక్షిగా ఆ గుట్ట మీదే ఒట్టు పెట్టుకున్నాను: చూడనిది చూశానని ఈ జన్మలో రాయను. ఖర్మ కాలి రాసినా, ఎదుటి మనిషి పేరేమిటో అడక్కుండా నోరు విప్పను.