నానబెట్టని ఎరుపు

బొంతలత్త అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అత్తా అనే పిలుస్తారు. దర్జీ కొట్లలో మిగిలిన ముక్కలు ఏరి తెచ్చి, రంగుకు రంగు జతచేసి బొంతలు కుట్టడం ఆమె పని. ముప్పై ఏళ్ళుగా అదే పని.

రంగులు ఎలా కుదురుస్తావని ఎవరైనా అడిగితే, "నేనెక్కడ కుదురుస్తానమ్మా, దారిలో కనపడతాయి, తెచ్చుకుంటా" అనేది. అది నిజమే. వానకు తడిసిన ఇటుక గోడ, దాన్ని ఆనుకుని పాచి పట్టిన నీళ్ళ గొట్టం కనిపిస్తే బజారు మధ్యలోనే నిలబడిపోయేది. వెనక సైకిళ్ళవాళ్ళు గంట కొట్టీ కొట్టీ విసిగి, పక్కనుంచి తప్పుకుని పోయేవాళ్ళు. ఇంటికొచ్చి పెట్టెలోని గుడ్డలన్నీ బోర్లించి, ఆ రెండు రంగులూ దొరికేదాకా అన్నం ముట్టేది కాదు.

ఆమె పెట్టుకున్న నియమం ఒక్కటే. కొత్త గుడ్డ ఏదైనా ముందు ఒక రాత్రంతా ఉప్పునీళ్ళలో నానాలి. తర్వాత తెల్లగుడ్డతో అద్ది చూడాలి. మరక అంటితే మళ్ళీ నానాలి. ఆ నానబెట్టే పని కోడలిది. కోడలు ఆ ఇంటికొచ్చి ఏడేళ్ళయినా, రంగు ఎంచే పని మాత్రం అత్త ఆమె చేతికి ఇవ్వలేదు.

"బకెట్లు మోయడానికి నేను, మెప్పులు మోయడానికి మీరు" అని కోడలు నవ్వుతూనే దెప్పేది.

"మోయవే, నడుం గట్టిపడుతుంది" అనేది అత్త.

అలాంటి అత్తే ఈసారి తప్పు చేసింది.

వీధి చివర ఇంట్లో ఉండే నర్సమ్మ ఆసుపత్రి ఉద్యోగం నుంచి దిగిపోయాక, తన దగ్గర మిగిలిన రెండు తెల్లకోట్లూ తెచ్చి అత్త ఒళ్ళో పెట్టింది. "ఇక వేసుకునేది లేదు, పారెయ్యనూ లేను. బొంతలో కలుపు. పక్కన ఏ రంగు వేస్తావో నీ ఇష్టం. తెలుపు మాత్రం జాగ్రత్త. ముప్పై మూడేళ్ళు దీని మీద నెత్తుటి మరక నిలవనివ్వలేదు నేను" అంది.

నాలుగు రోజులు ఏ రంగూ ఆ తెలుపు పక్కన నిలబడలేదు. నీలం పెడితే చలేసింది. పసుపు పెడితే తెలుపే మాసినట్టు కనిపించింది. అయిదో రోజు దర్జీ బల్ల కింద ఒక ఎర్ర గుడ్డ కంటబడింది. నిప్పు మీద ఊదినప్పుడు ఒక్క క్షణం రగులుకుంటుందే, ఆ ఎరుపు. పక్కన పెడితే తెలుపు ఉలిక్కిపడి నిద్ర లేచినట్టు వెలిగింది.

బొటనవేలంత ముక్క కత్తిరించి నీళ్ళలో వేసి చూసింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. ముక్కలో ఆ వెలుగు పోయి, వట్టి ఎరుపు మిగిలింది. గుడ్డంతా ఇలాగే చచ్చిపోతే? నానబెట్టడానికి అత్తకు చేతులు రాలేదు. కోడలు ఇంట్లో లేని పూట చూసి, ఆ గుడ్డను నలభై ఎనిమిది ముక్కలు చేసేసింది.

"నానబెట్టారా అత్తయ్యా?" అని కోడలు అడిగింది.

"ఆఁ, ఎప్పుడో" అంది అత్త, కుట్టులోంచి తల ఎత్తకుండా.

బొంత ఇచ్చేటప్పుడు, తడపకండి, ఎండలో వేస్తే చాలు అని చెప్పి గండం గట్టెక్కాలనుకుంది. తానొకటి తలిస్తే నర్సమ్మ ఇంకొకటి తలిచింది. బొంత విప్పి చూసి, తెలుపును చేత్తో నిమిరింది. తర్వాత, "ఉతకని గుడ్డ నేను ఒంటిమీద వేసుకోను. మీ పెరట్లోనే ఒకసారి ముంచి తీసుకుపోతా" అంది.

"ఎందుకమ్మా, ఎండలో ఆరేస్తే సరిపోతుంది."

"ఎండ సబ్బవుతుందా అత్తా?"

కోడలు అప్పటికే తొట్టి మీది కుళాయి తిప్పింది. "ముంచండి నర్సమ్మగారూ. మా అత్తయ్య బొంత వారం రోజులు ఏట్లో పడేసినా చుక్క రంగు దిగదు" అంది గర్వంగా.

నీళ్ళు తొట్టిలో పైకి వస్తున్నాయి. అత్త గడప పట్టుకుని చూస్తోంది. రంగు దిగితే అందరూ చూసేది కోడలి వైపే. నానబెట్టే పని ఆమెదని వీధంతా తెలుసు. తాను నోరు మూసుకుంటే చాలు. ఆ ఆలోచన వచ్చినందుకు అత్త సిగ్గుపడింది. కానీ ఆ ఆలోచన వచ్చినట్టే పోలేదు, మనసులో తిష్ఠ వేసింది. తొట్టి నిండింది. కోడలు కుళాయి కట్టేసి, బొంతను రెండు చేతులా ఎత్తింది. ఒక మూల నీళ్ళకు తగిలింది.

"ఆగవే!"

అత్త ఒక్క ఉదుటున వెళ్ళి బొంత లాక్కుంది. అప్పటికే తడిసిన మూలలో, ఎరుపు పక్కనున్న తెల్లముక్కలోకి గోరంత గులాబీ రంగు పాకింది.

"నానబెట్టలేదు. కోడలి తప్పేం లేదు. నేనే. ఆ రంగు పోతుందని... నానబెట్టానని దానికీ అబద్ధం చెప్పా."

నర్సమ్మ ముందు ఆ మూల అందుకుంది. "చన్నీళ్ళు! సబ్బు!" అని అరిచి, మరక చుట్టూ నొక్కి పట్టి రుద్దింది. గులాబీ రంగు పలచబడి, తేరిపార చూస్తే తప్ప కనిపించనంతగా మిగిలింది. అప్పుడు తలెత్తి అత్త ముఖంలోకి చూసింది.

"ఈ తెలుపు ఏంటో తెలిసీ చేశావు" అంది.

అత్త ఆ మూల అందుకోబోతే నర్సమ్మ వెనక్కి లాక్కుంది.

"చిన్న కత్తెర ఇవ్వు. ఎరుపు ముక్క ఒక్కటి కూడా ఉండటానికి వీల్లేదు." అత్త కత్తెర ఇస్తూ తానే విప్పుతానంటే, "నా తెలుపును ఇక నువ్వు ముట్టుకోకు. కుట్లు విప్పడం నాకొకరు నేర్పాలా?" అని బొంత తీసుకుని వరండాలో కూర్చుంది.

ఆమె విప్పి విసిరిన ఎర్ర ముక్కలన్నీ పెరట్లో నీళ్ళ బకెట్లోకి చేరాయి. అత్తా కోడళ్ళు దాని పక్కన కూర్చున్నారు. కోడలు ముక్కలు ఒక్కొక్కటీ నీళ్ళలో ముంచుతూ అడిగింది.

"మీరు ఆపకపోయి ఉంటే, ఆవిడ నన్ను అడిగేది. అప్పుడు నా మీదకు నెట్టేసేవారా?"

అత్త నీళ్ళలోకి చూస్తూ, "ఆ మాట మనసులోకి వచ్చింది" అంది.

కోడలు ఆమెను ఎగాదిగా చూసింది. లేచి, ఎర్రనీళ్ళు కాలవలో పారబోసి, బకెట్ మళ్ళీ కుళాయి కింద పెట్టింది.

"ఉప్పు పట్రండి" అంది.

అత్త లేచి లోపలికి వెళ్ళి, ఉప్పు డబ్బా తెచ్చి ఇచ్చింది.