కోసే ముందు కట్టిన దారం

నా చిన్నప్పుడు నగరిలో మా వీధిన పొద్దున్నే నడవాలంటే గోడవారగా ఒదిగి నడవాల్సిందే. వీధి పొడవునా పడుగు సాగదీసి గంజి పెట్టేవాళ్లు. పడుగంటే చీరకు నిలువు పోగులు. దాన్ని ఎక్కడైనా కోయాల్సి వస్తే, ఆ వేల పోగుల వరస చెదరకుండా ముందు కోతకు రెండు పక్కలా అడ్డంగా దారం కడతాం. అది లేకుండా కోస్తే పడుగంతా చిక్కుపడి చెత్తకుప్ప పాలవుతుంది.

అప్పటికే మరమగ్గాలొచ్చి మా చేతిమగ్గాలకు పని తగ్గింది. మగవాళ్లు అరుగుల మీద కూర్చుని ఎవరి మీద చూపాలో తెలియని కోపంతో ఉడికిపోయేవాళ్లు. సరిగ్గా అప్పుడే ఎన్నికలొచ్చాయి. పోటీలో నిలబడ్డ మా వీధి పెద్దమనిషి ఆ కోపాన్ని కాలువ అవతలి కాలనీ మీదికి తిప్పాడు. అక్కడి క్రైస్తవ కూలీలు తక్కువ కూలికే మరమగ్గాల షెడ్లలో చేరి మన నోటికాడ కూడు లాక్కుంటున్నారని ఇంటింటికీ చెప్పాడు. ఆ షెడ్లలో రెండు ఆయనవే. ఆ సంగతి ఒక్కరూ అడగలేదు.

ఒకరోజు తెల్లారేసరికి మా అవ్వ పడుగు నడిమికి కోసేసి ఉంది. మేం నోరు విప్పకముందే పెద్దమనిషి వచ్చి, ఇది కాలనీవాళ్ల పనేనన్నాడు. చూస్తుండగానే ముప్పై మంది కర్రలు పట్టుకుని పోగయ్యారు. ఒకడి చేతిలో కిరసనాయిలు డబ్బా ఉంది. మా ఇంటికొచ్చి నూలు కండెలు చుట్టే అక్కది ఆ కాలనీయే. నాకు రోజూ జడ వేసేది ఆమే. అక్క ఇల్లు తగలబెడతారని నేను ఏడుస్తూ అవ్వ కొంగు పట్టుకున్నాను.

అవ్వ పడుగు పక్కన కూర్చుని తెగిన కొసలు తడిమి చూసింది. తర్వాత లేచి వాళ్లకు అడ్డం నిలబడింది.

"ఈడ సూడండప్పా. కోసినోడు కోసేముందు రెండు పక్కలా దారం కట్టినాడు, వరస సెదరకుండా. సేత్తో పడుగు ఎన్నడూ పట్టని కాలనీవాళ్లకు ఈ కట్టు యాడ తెలుసు?"

పాడుచేయమని పంపితే వచ్చినవాడికి, పోగుల వరస పాడుచేయడానికి చేతులు రాలేదు. పుట్టు నేతగాడు మరి. పెద్దమనిషి షెడ్డులో పనిచేసే మా వీధివాడొకడు తల దించుకున్నాడు. ఒక్కొక్కరే కర్రలు దించి ఇళ్లకు పోయారు. ఆడదానికేం తెలుసని గొణుక్కుంటూ పెద్దమనిషీ పోయాడు. ఆ ఎన్నికల్లో గెలిచాడు కూడా.

కాలనీకి వెళ్లి క్షమించమని అడిగినవాడు ఒక్కడూ లేడు. కర్రల సంగతి తెలిసిన అక్క మళ్లీ కాలువ దాటి మా ఇంటికి రాలేదు. తెగిన పోగులన్నీ అతకడానికి అవ్వకూ నాకూ నాలుగు రోజులు పట్టింది.

అవ్వ తెలివిని తర్వాత అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండేది, ఇప్పటికీ మండుతుంది. అందులో తెలివేముంది? ఆ ముప్పై మందీ నేతగాళ్లే. ఆ కట్టు వాళ్లలో ఎవరికి తెలియదు? కళ్లెదుటే ఉన్నా చూడబుద్ధి కాలేదు, అంతే.

మొన్న మనవడు ఫోను తెచ్చి, ఫలానావాళ్లు ఇంత ఘోరం చేశారట, మనమంతా కదలాలట అని వీడియో చూపించాడు. ఫోను తీసుకుని, రెండు పక్కలా దారం కట్టిందెవరో ముందు కనుక్కుని రమ్మన్నాను. నవ్వాడు. నవ్వుకోనీ. కనుక్కునేదాకా ఆ ఫోను వాడి చేతికి ఇచ్చేది లేదు.